విప్పిన పిడికిలి

ముసలి గురువు, కుర్ర శిష్యుడు. కొండమీద ఆరామం, తెల్లవారుజామున నీళ్ళ కడవలు, ఒళ్ళంతా దెబ్బలు, చివరికి విద్య. హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలు ఈ ఒక్క కథనే వంద రకాలుగా చెప్పాయి. ఇవి ఒట్టి కొట్లాట సినిమాలని పక్కన పెట్టేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము అలా అనుకోవడం లేదు. మన వాడల్లో ఎందరో పిల్లలు పుస్తకంలో బుద్ధుణ్ణి చదవకముందే ఈ సినిమాల్లో బౌద్ధ భిక్షువును చూశారు. గుండు, కాషాయం, ఛాతీ ముందు నిలిపిన ఒక అరచెయ్యి, మరుక్షణం గాలిలోకి లేచే కాలు. బౌద్ధం అంటే వాళ్ళకు మొదట తెలిసింది ఆ బొమ్మే. ఆ బొమ్మ ఏం చెబుతోందో పరీక్షించడం మన పనే.

ఇంకో కారణం కూడా ఉంది. "కుంగ్‌ఫూ చైనాది కాదు, మనది. మన బోధిధర్ముడు నేర్పితేనే వాళ్ళకు వచ్చింది" అనే మాట మన సభల్లోనూ ధమ్మ శిబిరాల్లోనూ వినబడుతోంది. అనేవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట వెనక ఉన్న తర్కం బౌద్ధానిదా, బౌద్ధం ఎదిరించిన దానిదా అన్నది మా ప్రశ్న. విద్య ఎక్కడ ఉంటుంది, నెత్తుటిలోనా, అభ్యాసంలోనా? నేర్పేవాడు పిడికిలి ముడిచి ఉంచాలా, విప్పాలా? నాలుగు సినిమాలను ఈ ప్రశ్న ముందు నిలబెట్టి చూద్దాం.

కొలబద్ద

ఇందుకు కొలబద్ద మనం కొత్తగా తయారు చేసుకోనక్కర్లేదు. మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. బుద్ధుడికి అప్పటికి 80 ఏళ్ళు. వేసాలి దగ్గర బేలువ గ్రామంలో ఆఖరి వర్షావాసం. పెద్ద జబ్బు చేసి తేరుకున్నాడు. సంఘానికి ఏదో ఒకటి చెప్పకుండా తథాగతుడు వెళ్ళిపోడులే అని తాను ధైర్యంగా ఉన్నానని ఆనందుడు అంటాడు. ఇంకా చెప్పాల్సింది ఏముంది అన్నట్టుగా ఉంటుంది బుద్ధుడి జవాబు. లోపలివాళ్ళకు ఒకటి, బయటివాళ్ళకు ఒకటి అని తేడా పెట్టకుండా ధమ్మం బోధించానని, తన దగ్గర 'ఆచరియ ముట్ఠి' లేదని ఆయన అంటాడు. ఆచరియ ముట్ఠి అంటే ఆచార్యుడి పిడికిలి. చివరిదాకా దాచిపెట్టి, చచ్చేముందు ఇష్టుడైన శిష్యుడి చెవిలో ఊదే రహస్యం. అదే సందర్భంలో తన ముసలి శరీరాన్ని తాళ్ళతో కట్టుకుని నడిపే పాత బండితో పోల్చుకుంటాడు.

ఇంతకంటే పెద్ద ముసలి గురువు మనకు ఎవరున్నారు? వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం కాచి పొయ్యమన్న ధర్మసూత్రాల దేశంలో, నా పిడికిలిలో ఏమీ దాచలేదు అనడం చిన్న మాట కాదు. ఏ గురువునైనా, ఏ విద్యనైనా ఈ మాట దగ్గర నిలబెట్టి తూచవచ్చు.

35 గదులు, ఆపైన ఒకటి

మొదటి సినిమా 1978లో షా బ్రదర్స్ సంస్థ తీసిన 'థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్'. దర్శకుడు లావ్ కర్ ల్యుంగ్, నాయకుడు గార్డన్ లియు. మంచూ పాలకుల సైన్యం చేతిలో తనవాళ్ళను పోగొట్టుకున్న ఒక విద్యార్థి గాయాలతో, కూరగాయల బండిలో దాక్కుని షావోలిన్ చేరతాడు. బయటివాడిని ఉండనివ్వకూడదని కొందరు భిక్షువులు అంటారు. ముసలి మఠాధిపతి ఉండనిస్తాడు. కుర్రవాడికి సాన్ తే అని పేరు. ఊడ్చే పనిలోనే ఒక ఏడాది గడిచిపోతుంది. అప్పుడు నోరు తెరిచి కుంగ్‌ఫూ నేర్పమంటాడు. 35 గదులు ఉన్నాయి, ఎక్కడ మొదలుపెడతావు అని అడిగితే అన్నిటికంటే పైదే కావాలంటాడు. తీరా చూస్తే అక్కడ ముసలి భిక్షువులు కూర్చుని సూత్రాలు పఠిస్తుంటారు. ఆ గదిలో నిలవలేక బయటపడి, మళ్ళీ కింది గది నుంచి మొదలుపెడతాడు.

ఈ సినిమాలో సగభాగం శిక్షణే. నీళ్ళలో తేలే దుంగల కట్ట మీద అడుగు వేసి దాటితేనే భోజనశాల. పడ్డవాడికి బట్టలు తడుస్తాయి, కూడు తప్పుతుంది. తరువాత గదిలో రెండు చేతులా నీళ్ళ బొక్కెనలు చాచి పట్టుకుని మెట్లెక్కాలి. చెయ్యి దించితే భుజానికి కట్టిన కత్తి పొడుచుకుంటుంది. మణికట్టు బలానికి బరువు కట్టిన పొడుగాటి కర్రతో గంట కొట్టాలి. చూపుకు తల కదల్చకుండా దీపాన్ని వెంబడించాలి. మంత్రం లేదు, మహిమ లేదు. నీళ్ళు మొయ్యడం, ఊడవడం, పడడం, లేవడం. మనదేశంలో నీచమని ముద్ర వేసి కొన్ని కులాలకు అంటగట్టిన పనే అక్కడ విద్యకు పునాది. చీపురు పట్టినవాడికి చదువు లేదన్న సమాజంలోంచి వచ్చిన మనకు, చీపురుతో మొదలై సూత్రాల దాకా పోయే ఈ మెట్ల వరస చూస్తే గుండె నిండుతుంది.

అసలు విషయం ఆ తరువాత వస్తుంది. గదులన్నీ దాటిన సాన్ తేకు నీకు నచ్చిన గదికి పెద్దగా ఉండమంటారు. క్రమశిక్షణ చూసే భిక్షువు ఒప్పుకోడు, నన్ను ఓడించి చూపించమంటాడు. ఓడిపోయి, మళ్ళీ ఓడిపోయి, చివరికి మూడు ముక్కల కర్రను తానే కనిపెట్టి సాన్ తే నెగ్గుతాడు. నెగ్గాక, ఉన్న గదుల్లో ఏదీ వద్దు, 36వది పెట్టండి అంటాడు. బయటి మామూలు జనానికి నేర్పే గది. అది షావోలిన్ నియమాలకు విరుద్ధం. మఠాధిపతి కాదంటాడు, శిక్ష అని చెప్పి భిక్షకు బయటికి పంపుతాడు. ఆ శిక్షే అనుమతి అని చూస్తున్న మనకు అర్థమవుతుంది. అతను ఊళ్ళోకి పోయి కష్టజీవులను పోగుచేసి నేర్పుతాడు, తిరిగి వచ్చాక 36వ గది తెరుచుకుంటుంది.

న్యాయశాస్త్రం చదివినవాళ్ళకు ఈ ఘట్టం ముచ్చట గొలుపుతుంది. నియమాన్ని బాహాటంగా తీసెయ్యలేని పెద్దమనిషి, నియమం మాటలతోనే దాన్ని దాటే దారి వేస్తాడు. అయితే ముచ్చటతో సరిపెట్టకూడదు. తలుపు తెరవడానికి ఆ పెద్దాయనకు దొంగచాటు ఎందుకు? సరైనదని తెలిసిన పనిని శిక్ష ముసుగులో చేయించడం ఔదార్యమే గాని న్యాయం కాదు. గురువు దయ మీద నడిచే సంస్థకూ హక్కు మీద నడిచే సంస్థకూ తేడా అదే.

ఈ సినిమా మీద ఇంకో రెండు అభ్యంతరాలు చెప్పాలి. 35 గదుల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. నేర్చిన విద్య చివరికి ప్రతీకారానికే పోతుంది. కోపంతో తోటి భిక్షువును కొట్టడం వినయ నియమాల్లో పాచిత్తియ దోషం. చంపడం సంగతి చెప్పనే అక్కర్లేదు. షావోలిన్ చరిత్రలోనే ఈ ముడి ఉంది. మనం దాన్ని కప్పిపుచ్చకూడదు. అయినా తెర మీద సాన్ తే అడిగిన కోరిక మాత్రం బేలువ గ్రామంలో ముసలి బుద్ధుడు అన్నమాటకు దగ్గరి చుట్టమే.

ఇంకొకటి గమనించండి. 36వ గది తెరిచినంత మాత్రాన నేర్చుకోవడంలో కష్టం తగ్గలేదు. తలుపు మారింది, మెట్లు మారలేదు. ప్రవేశం అందరికీ ఇస్తే ప్రమాణం పడిపోతుందని మనకు రోజూ పాఠం చెప్పేవాళ్ళు ఈ తేడా చూడరు.

దొంగచాటుగా చూసినవాడి బొటనవేలు

చైనా కథలన్నీ విప్పిన పిడికిలి కథలే అనుకుంటే పొరపాటు. అక్కడా గురువు ముందు మోకరిల్లి టీ ఇచ్చి శిష్యరికం పుచ్చుకోవాలి. అక్కడా 'ఇంటిలోపలి శిష్యులు' వేరు, బయటి శిష్యులు వేరు. పిల్లి పులికి అన్నీ నేర్పి చెట్టెక్కడం మాత్రం దాచుకుందన్న కథ వాళ్ళకూ ఉంది, మనకూ ఉంది. వంశం బయట విద్య పోకూడదన్న పట్టుదలా ఉంది.

తాయ్‌చీకి పుట్టిల్లుగా చెప్పే హెనాన్ రాష్ట్రంలోని చెన్ జియాగౌ గ్రామం అందుకు ఉదాహరణ. అది చెన్ వంశం వారి ఊరు. బయటినుంచి వచ్చిన యాంగ్ లూచాన్ (1799-1872) అక్కడ చెన్ చాంగ్‌షింగ్ దగ్గర విద్య నేర్చాడు. ఎలా నేర్చాడన్న దానిమీద ఒక జనకథ ఉంది. పనివాడుగా ఉంటూ, రాత్రులు గురువు తనవాళ్ళకు నేర్పుతుంటే గోడ సందులోంచి చూసి ఒంటరిగా సాధన చేశాడట. పట్టుబడ్డాడు. చేసి చూపించమన్నాడు గురువు. చేశాడు. ఇంత నేర్చినవాణ్ణి ఇంకా బయట ఉంచడం ఏమిటని శిష్యుడిగా తీసుకున్నాడట.

ఇది చరిత్రా, కట్టుకథా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఒక సమాజం తన గురించి తాను ఎలాంటి కథ చెప్పుకోవాలనుకుంటుందో చూడండి. మనదేశంలో కూడా దూరంనుంచి నేర్చుకున్న కుర్రవాడి కథ ఉంది. పేరు ఏకలవ్యుడు. అతనూ పట్టుబడ్డాడు, అతనూ చేసి చూపించాడు. గురువు కుడిచేతి బొటనవేలు అడిగాడు. ఆ వేలు కోసి ఇచ్చినందుకు మనకు వేల ఏళ్ళుగా అతన్ని గురుభక్తికి ఆదర్శంగా చూపిస్తున్నారు. యాంగ్ లూచాన్ ఆ తరువాత బీజింగ్ వెళ్ళి నేర్పాడు. ప్రపంచమంతటా పార్కుల్లో ముసలివాళ్ళు పొద్దున్నే చేసే తాయ్‌చీలో ఎక్కువ భాగం అతని శాఖదే. విప్పిన పిడికిలి నుంచి విద్య ఎంత దూరం పోగలదో అదే సాక్ష్యం. ఏకలవ్యుడి నుంచి విద్య ఎవరికీ అందలేదు.

ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకుని చూడాల్సిన సినిమా 'స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో'. ఇదీ 1978దే. దర్శకుడు యువెన్ వూ పింగ్. జాకీ చాన్‌కు పేరు తెచ్చిన తొలి సినిమాల్లో ఒకటి. చియెన్ ఫూ అనే అనాథ ఒక కుంగ్‌ఫూ బడిలో ఊడ్చేవాడు. చేరినవాళ్ళు కొట్టడం నేర్చుకోవడానికి అతని ఒళ్ళే దిండు. విద్య జరిగే చోటే ఉంటాడు, విద్య మాత్రం అతనిది కాదు. ఒక ముసలి బిచ్చగాడికి అతను తిండి పెడతాడు. ఆ బిచ్చగాడే వేటాడబడుతున్న పెద్ద గురువు. నేలమీద అడుగుల గుర్తులు గీసి పెట్టి, కుర్రవాడికి దెబ్బ తప్పించుకోవడం నేర్పుతాడు.

ఇదంతా నవ్వుల మధ్య జరిగిపోతుంది, ఆ నవ్వుల్లో సినిమా తన లోతును తానే పోగొట్టుకుంటుంది కూడా. బడి యజమానులు ఆ కుర్రవాణ్ణి ఎందుకు అలా వాడుకున్నారన్న ప్రశ్న దెబ్బలాటల్లో కొట్టుకుపోతుంది. కానీ రెండు సంగతులు నిలుస్తాయి. ఇక్కడ నేర్పినవాడు బడి పెద్ద కాదు, బిచ్చగాడు. నేర్చినవాడు నేర్చినంతతో ఆగలేదు. తన పిల్లి నాగుపామును చంపడం చూసి గురువుకు తెలియని పంజా దెబ్బలు తానే కల్పించుకుంటాడు. గురువు దాన్ని చూసి అవమానపడడు, ఆనందిస్తాడు. ద్రోణుడికి చేతకానిది ఇదే.

సమాధిలోకి పోయిన 64 హస్తాలు

మూడవది 2013లో వచ్చిన వాంగ్ కర్ వై సినిమా 'ది గ్రాండ్‌మాస్టర్'. అందానికి ఈ నాలుగింటిలో సాటిలేనిది. వానలో, మంచులో, రైలు పక్కన జరిగే పోరాటాలను విమర్శకులు ఎంతగానో పొగిడారు. మాకు ఆ అందం కంటే దాని అడుగున ఉన్న విషాదం ముఖ్యం.

ఉత్తరాది ముసలి గురువు గోంగ్ యూతియెన్ దగ్గర బాగువా విద్యలో 64 హస్తాలు అనే అపురూపమైన భాగం ఉంది. దాన్ని నేర్చిన కూతురు గోంగ్ ఎర్. కానీ పెళ్ళి కుదిరిన ఆడపిల్ల వేరే ఇంటిది. తండ్రిని చంపిన శిష్యుడి నుంచి ఇంటి గౌరవం తిరిగి తీసుకోవాలంటే ఆమె ఆ ఇంటి మనిషిగానే ఉండాలి. అందుకని నిశ్చితార్థం తెంచుకుంటుంది, పెళ్ళాడను, పిల్లల్ని కనను, ఎవరికీ నేర్పను అని వ్రతం పడుతుంది. పగ తీర్చుకుంటుంది. తరువాత హాంకాంగ్‌లో వైద్యం చేసుకుంటూ, నల్లమందుకు బానిసై, ఒంటరిగా పోతుంది. ఆ 64 హస్తాలూ ఆమెతోనే పోతాయి.

సినిమా ఆమె వ్రతాన్ని మహత్తరంగా చూపిస్తుంది. మేము అక్కడ దర్శకుడితో విభేదిస్తాం. అది త్యాగం కాదు, దోపిడీ. పితృస్వామ్యం ఒక స్త్రీ చేత తన విద్యను తానే పాతిపెట్టించింది. ముడిచిన పిడికిలికి పరాకాష్ఠ ఇదే. వంశ గౌరవం బతికింది, విద్య చచ్చింది. కులం లోపలే పెళ్ళి, కులం లోపలే వృత్తి అనే కట్టుబాటులో ఎన్ని నైపుణ్యాలు ఇలా సమాధుల్లోకి పోయాయో మన దేశానికి లెక్క తెలియదు.

ఆమెకు ఎదురుగా అదే సినిమాలో ఇప్ మాన్ ఉన్నాడు. అతను కల్పిత పాత్ర కాదు. 1893లో ఫోషాన్‌లో కలవారింట పుట్టి, అన్నీ పోగొట్టుకుని హాంకాంగ్ చేరాడు. 1950లో అక్కడ అతను వింగ్ చున్ నేర్పడం మొదలుపెట్టింది రెస్టారెంట్ కార్మికుల సంఘంలో. అన్నం వడ్డించేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు ఉండే చోటు అది. పొట్టకూటి కోసమే కావచ్చు. అయినా ఆ అవసరం ఒక కలవారి బిడ్డను కష్టజీవుల గురువుగా మార్చింది. 1972 డిసెంబరులో పోవడానికి కొద్దిరోజుల ముందు, జబ్బుతో చిక్కిపోయిన ఒంటితో, తన సాధన క్రమాలను చిన్న ఫిల్మ్ కెమెరా ముందు చేసి చూపించాడు. ఆ ఫిల్మ్ ఇప్పటికీ ఉంది. ఇంటి బట్టల్లో ఉన్న ముసలాయన చెక్కబొమ్మ ముందు చేతులు కదుపుతుంటాడు. వాంగ్ కర్ వై తీసిన మంచుపోరాటం కంటే మాకు ఆ వణికే ఫిల్మ్ గొప్పది. పాత బండి, కానీ పిడికిలి విప్పి ఉంది.

అతని బడిలోనూ నెత్తుటి గోల తప్పలేదు. బ్రూస్ లీ తల్లివైపు యూరప్ రక్తం ఉందని తెలిసి తోటి శిష్యులు అతనితో సాధన చెయ్యడానికి నిరాకరించారని అతని జీవితకథ రాసినవాళ్ళు చెబుతారు. అదే బ్రూస్ లీ అమెరికా వెళ్ళాక సియాటిల్‌లో చేర్చుకున్న మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్ అనే నల్లజాతి యువకుడు. తనను బయట నిలబెట్టిన గీతను అతను ఇంకొకరి ముందు గియ్యలేదు.

నెత్తుటిలో నిద్రపోయే విద్య

ఇప్పుడు మన ఇంటి సినిమా. 2011లో ఎ.ఆర్. మురుగదాస్ తమిళంలో తీసిన 'ఏళామ్ అరివు' తెలుగులో 'సెవెన్త్ సెన్స్'గా వచ్చింది. మొదటి భాగంలో సూర్య బోధిధర్ముడిగా కనబడతాడు. కంచి పల్లవ రాకుమారుడు చైనా వెళ్ళి మహమ్మారిని నయం చేసి, యుద్ధవిద్య నేర్పుతాడు. అక్కడి జనం అతన్ని విషం పెట్టి చంపి తమ ఊళ్ళోనే పాతిపెట్టుకుంటారు. తరువాత కథ నేటి చెన్నైలో. సర్కస్‌లో పనిచేసే అరవింద్ బోధిధర్ముడి వంశంవాడు. అతని డీఎన్ఏలో పూర్వీకుడి విద్య నిద్రపోతోంది. శ్రుతి హాసన్ పాత్ర, జన్యుశాస్త్ర విద్యార్థిని, దాన్ని మేల్కొలుపుతుంది. చైనా నుంచి వచ్చిన దుర్మార్గుడు ఆఖరి పోరాటంలో ఓడిపోతాడు.

ఈ సినిమా చూసి మనవాళ్ళు కొందరు గర్వపడ్డారు. తెర మీద ఒక బౌద్ధ భిక్షువు నాయకుడిగా కనబడితే గర్వం సహజం. కానీ కథను విప్పి చూడండి. ఈ సినిమాలో ఎవరూ నేర్చుకోరు. దుంగ మీద జారిపడడం లేదు, ఏడాదిపాటు ఊడవడం లేదు, గురువు లేడు. వంశం ఉంటే చాలు, విద్య దానంతట అదే లేస్తుంది. దీనికి మన దేశంలో పాత పేరు ఒకటి ఉంది. దాన్ని వర్ణం అంటారు. పుట్టుకతో బ్రాహ్మణుడు కాడు, చేసే పనితో అవుతాడు అని వసల సుత్తంలో చెప్పిన బుద్ధుడి భిక్షువును తీసుకొచ్చి, పుట్టుకలోనే అన్నీ ఉన్నాయని చెప్పించారు. తమిళ మాతృకలో రిజర్వేషన్లను సిఫార్సుల సరసన, అవినీతి సరసన నిలబెట్టి, ప్రతిభకు అడ్డంకులుగా తిట్టిన సంభాషణ కూడా ఉంది. అది పొరపాటున పడిన మాట కాదు. విద్య రక్తంలో ఉంటుందని నమ్మే కథకు, తలుపు తెరవమనేవాడు శత్రువుగానే కనిపిస్తాడు. పొరుగుదేశపు జనాన్ని మొత్తంగా విషం పెట్టేవాళ్ళుగా, రోగం పంపేవాళ్ళుగా చూపించిన ద్వేషం సంగతి వేరే చెప్పాలి. మైత్రి బోధించినవాడి పేరుమీద అంత ద్వేషం పండించడం కూడా ఒక ప్రతిభే.

చరిత్ర దగ్గరకు వద్దాం. బోధిధర్ముడి గురించిన మొదటి ప్రస్తావన యాంగ్ షువాంజీ 547 ప్రాంతంలో లోయాంగ్ నగరపు ఆరామాల మీద రాసిన గ్రంథంలో ఉంది. అందులో అతను పశ్చిమ దేశాల నుంచి, పర్షియా నుంచి వచ్చిన ముసలి భిక్షువు. ఒక స్తూపాన్ని చూసి ఆశ్చర్యపోతాడు, అంతే. తరువాతి రాతల్లో దక్షిణ భారత రాజకుమారుడయ్యాడు. షావోలిన్ ఆరామాన్ని 5వ శతాబ్దం చివర ఉత్తర వెయ్ చక్రవర్తి కట్టించింది బాతువో అని చైనీయులు పిలిచే మరో భారతీయ భిక్షువు కోసం. అతను నేర్పింది ధ్యానం. షావోలిన్ భిక్షువులు 621లో లీ షిమిన్ పక్షాన పోరాడిన సంగతిని 728 నాటి శిలాశాసనం చెబుతుంది. అందులో కూడా బోధిధర్ముడు కుంగ్‌ఫూ నేర్పిన మాట లేదు. 17వ శతాబ్దం మొదట్లో షావోలిన్ కర్రసాము మీద పుస్తకం రాసిన చెంగ్ జోంగ్‌యూ కూడా ఆ విద్యకు మూలం కిన్నర రాజు అన్నాడే గాని బోధిధర్ముడు అనలేదు. బోధిధర్ముడి పేరును వ్యాయామంతో ముడిపెట్టిన 'యీజిన్ జింగ్' 1624 కాలపుది. పాతదిగా కనబడడానికి దానికి తాంగ్ కాలపు సేనాని పేరుతో ఒక ముందుమాట కూడా తగిలించారు.

మనం పాత సాక్ష్య చట్టంలో 90వ సెక్షన్ చదువుకున్నవాళ్ళం. 30 ఏళ్ళు దాటిన పత్రం ఉండవలసిన చోటునుంచి వస్తే దాని సంతకం నిజమని కోర్టు అనుకోవచ్చు. అప్పుడు కూడా లోపల రాసిందంతా నిజమని కాదు. ఇక్కడ సంఘటన 6వ శతాబ్దంలో, పత్రం 1,000 ఏళ్ళ తరువాత, ముందుమాట దొంగది. ఏ మునసబు కోర్టులోనూ ఈ దావా నిలవదు.

ఈ మాట మొదట గట్టిగా అన్నవాడు చైనీయుడే. పేరు తాంగ్ హావ్ (1897-1959). జపాన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివినవాడు, వకీలు, తానూ యుద్ధవిద్య సాధన చేసినవాడు. 1930లో షావోలిన్, వూదాంగ్ మీద వేసిన పుస్తకంలో బోధిధర్ముడి కథనూ, తాయ్‌చీని జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సిద్ధుడు కనిపెట్టాడన్న కథనూ ఆధారాలతో కొట్టేశాడు. చెన్ జియాగౌకు స్వయంగా వెళ్ళి అక్కడి వంశపత్రాలు పరిశీలించాడు. గురువులకు కోపం వచ్చింది. అయినా అతను తన విద్యను ద్వేషించి ఆ పని చెయ్యలేదు, ప్రేమించి చేశాడు. విన్నంత మాత్రాన, పరంపరగా వచ్చినంత మాత్రాన నమ్మవద్దని కాలామ సుత్తంలో ఉన్న హితవును ఆ వకీలు పాటించినంతగా, ఆ హితవును గోడల మీద రాసుకున్న మనం పాటిస్తున్నామా?

మనది ఏది

కుంగ్‌ఫూ మనది కాదంటే చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. పేరు తెలియని చైనా రైతులు, సైనికులు, భిక్షువులు, కూలీలు తరతరాలుగా ఒళ్ళు హూనం చేసుకుని పెంచిన విద్య అది. వాళ్ళ చెమటను ఒక రాకుమారుడి ఖాతాలో జమ చెయ్యడం మన పక్షాన జరగకూడని పని. మన శ్రమను ఇంకొకరి ఖాతాలో వేసుకున్న చరిత్ర కింద నలిగినవాళ్ళం మనమే కదా. షావోలిన్‌కు ఈ నేలనుంచి నిజంగా వెళ్ళినవి ధ్యానం, వినయం, ధమ్మం. గర్వానికి అవి చాలవా?

మన పిల్లలకు కుంగ్‌ఫూ వద్దని మేము అనడం లేదు. మేము పనిచేసే వాడల్లో కమ్యూనిటీ హాలు ముందు పొద్దున్నే వరసగా నిలబడి సాధన చేసే ఆడపిల్లల్ని చూస్తే మాకు సంతోషం. తలెత్తి నిలబడడం ఒంటికి కూడా నేర్పాలి. కానీ ఆ హాళ్ళలోనే ముడిచిన పిడికిళ్ళు కూడా చూశాం. అసలు విద్య పై బెల్టులో ఉందని ఊరించి బెల్టుకింత అని వసూలు చేసే మాస్టర్లు ఉన్నారు. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి గురుద్రోహి అనేవాళ్ళు ఉన్నారు. ఈ జబ్బు కరాటే హాలులోనే లేదు. పాళీ నాలుగు ముక్కలు వచ్చినంతలో ధమ్మాన్ని తమ పట్టా భూమి అనుకునే ఉపాసకులు, వారసుడిగా కొడుకును తప్ప ఎవరినీ తయారు చెయ్యని నాయకులు మనలో లేరా? ఎదుటివాడి పిడికిలి విప్పమని అడిగే ముందు మన చెయ్యి కూడా చూసుకోవాలి.

ముసలి గురువు దగ్గర నేర్చుకోవడం అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ కుశీనగరం నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి దగ్గర త్రిశరణాలు, పంచశీలాలు తీసుకున్నారు. ప్రపంచంలో అంత చదివిన మనిషి ఆ ముసలాయన ముందు చేతులు జోడించారు. ఆ వెంటనే, అదే వేదిక మీద, జనంవైపు తిరిగి, తీసుకున్నదాన్ని లక్షల మందికి 22 ప్రతిజ్ఞలతో కలిపి తానే ఇచ్చారు. గృహస్థు దీక్ష ఇవ్వవచ్చా, అధికారం ఎక్కడిది అని అడిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆయన ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు, శిక్ష ముసుగూ వేసుకోలేదు. బుద్ధుడు మోక్షదాత కాదు, మార్గదాత మాత్రమే అని 'బుద్ధుడు-ధమ్మం' గ్రంథంలో తేల్చి చెప్పినవారికి దారిని తాళం వేసి ఉంచడం ఎలా సాధ్యం?

మన పిల్లలకు ఈ నాలుగు సినిమాల్లో ఏది చూపించాలని ఎవరైనా అడిగితే నాలుగూ చూపించమనే అంటాం. చూశాక మాత్రం ఒక ప్రశ్న అడగమంటాం. ఇందులో ఎవరు నేర్చుకున్నారు, ఎవరిని నేర్చుకోనివ్వలేదు, నేర్చినవాడు తరువాత ఎవరికి నేర్పాడు? పిల్లలు ఆ ప్రశ్నతో సినిమా చూడడం అలవాటు చేసుకుంటే, రేపు బడినీ, పార్టీనీ, గుడినీ, విహారాన్నీ కూడా అదే ప్రశ్నతో చూస్తారు.